ఎడమ ఫోటో, కుడి ఫోటో

పద్నాలుగో ఏట ఆ అమ్మాయి బరువు అరవై తొమ్మిది కిలోలు. ఇంట్లో ముగ్గురికి తప్ప ఆ అంకె ఇంకెవరికీ తెలియాల్సిన పని లేదు. మేనత్త చేతిలో పడ్డాక అది అందరి నోళ్ళలోనూ పడింది.

బళ్ళో పిల్లలు ఆమెను పీపా అనేవాళ్ళు. ఆమె పట్టించుకునేది కాదు, కనీసం పట్టించుకోనట్టు కనిపించేది. తల్లి కుట్టుపని చేసేది. ఇంటి ముందుగదిలో రెండు మిషన్లు, ఒక కత్తిరింపుల బల్ల, గోడ మేకులకు వేలాడే సగం కుట్టిన బట్టలు. కొత్తవి కుట్టడం కన్నా పాతవి సరిచేసే పనే ఎక్కువగా వచ్చేది. పొడుగు తగ్గించడం, నడుము పట్టడం, చంకల దగ్గర వదులు చేయడం. కూతురికి ఏది కుట్టినా పక్క కుట్ల లోపల రెండేసి వేళ్ళ గుడ్డ ఎక్కువ ఉంచేది. "ఎదిగే పిల్ల. విప్పుకుంటే సరిపోతుంది," అనేది. ఆవిడ లెక్కలో ఒళ్ళంటే అంతే. పెరిగితే విప్పాలి, తగ్గితే పట్టాలి. అందులో సిగ్గుపడాల్సిందేమీ ఆవిడకు కనిపించలేదు.

తండ్రి సిటీ బస్సు డ్రైవరు. బస్సులో అరవైమందిని ఒక్క కేకతో వెనక్కి జరపగలడు గాని, అక్కగారి ముందు నోట్లో నాలుక లేని మనిషి. చిన్నప్పుడే తల్లిదండ్రులు పోతే ఆ అక్కే పెంచి ఇంతవాణ్ణి చేసింది. ఆ మాట అతను మరిచిపోయినా ఆవిడ మరిచిపోనివ్వదు.

ఆవిడ ఒకప్పుడు పరుగుపందాల మనిషి. తర్వాత ఒక బళ్ళో ఆటల టీచరుగా చేసింది. పిల్లల్ని కాల్చుకు తింటోందని పెద్దవాళ్ళు గొడవ చేస్తే ఆ ఉద్యోగం వదిలేసి, టైర్ల దుకాణం పైన మేడ తీసుకుని, పదమూడు నుంచి పద్దెనిమిదేళ్ళ పిల్లల కోసమని ఫిట్‌నెస్ సెంటర్ పెట్టింది. ఇనుప మెట్లు, లోపల గోడ పొడవునా అద్దాలు, నల్ల రబ్బరు చాపలు, ఆరు సైకిళ్ళు. గుమ్మం పక్కనే బరువు మిషను. దాని అంకెలు గది అవతలి మూల నుంచి కూడా చదవొచ్చు. అలాంటిదే కావాలని పది చోట్ల వెతికి మరీ తెచ్చింది.

సెంటర్ తెరిచిన వారానికి తమ్ముడి ఇంటికి వచ్చింది.

"మీ పిల్లని చూస్తుంటే నా కడుపు తరుక్కుపోతోందిరా," అంది. "రేపు నా దగ్గరికి వచ్చేవాళ్ళు, ముందు నీ మేనకోడల్ని బాగుచేసుకోవమ్మా అంటారు. నా మొహం ఎక్కడ పెట్టుకోను?"

తల్లి మిషను ఆపకుండానే అంది. "పిల్ల ఆరోగ్యంగానే ఉంది వదినా. రెండేళ్ళుగా జలుబు కూడా చేయలేదు."

"నువ్వు విప్పుతూ పో, అది నింపుతూ పోతుంది."

తండ్రి నవ్వాడు. ఆ నవ్వు గుమ్మంలో నిలబడ్డ కూతురు చూసింది. మర్నాడే ఇనుప మెట్లెక్కింది.

మొదటిరోజు మేనత్త ఆమెను పొట్టి నిక్కరు, చేతుల్లేని బనీనుతో గోడకు నిలబెట్టి ఫోటో తీసింది. "ఫైల్లో ఉండటానికిలే కోడలా, ఎవరికీ చూపించను," అంది.

శనివారం తూకాల రోజు. పిల్లలంతా వరసలో నిలబడాలి. ఒక్కొక్కరు మిషనెక్కితే మేనత్త అంకెను పైకి చదివి బోర్డు మీద రాసేది. తగ్గినవాళ్ళకు అందరూ చప్పట్లు కొట్టాలి. పెరిగినవాళ్ళు అయిదు కిలోల ఇసుక సంచి గుండెలకు హత్తుకుని, ఆ పూట అయ్యేదాకా అద్దం ముందు నిలబడాలి. "నీ కొవ్వు నువ్వే మోసుకో," అనేది. ఎవరైనా ఏడిస్తే, "బయట లోకం మిమ్మల్ని ముద్దు చేయదు, నేనూ చేయను," అనేది. ఆవిడ నటించేది కాదు. ఆ మాటను నిజంగానే నమ్మింది. తన చిన్నతనంలో తనకు ఎవరూ ఏ ముద్దూ చేయలేదు.

మొదటి నాలుగు నెలలూ అమ్మాయికి మేలే జరిగింది. అది ఒప్పుకోవాలి. ఆయాసం తగ్గింది, నిద్ర బాగా పట్టేది, బస్సు కోసం పరుగెత్తితే అందుకునేది. యాభై ఎనిమిది కిలోలకు వచ్చినప్పుడు తల్లి కొత్త నీలం గౌను కుట్టి, "ఇక చాల్లే తల్లీ, బాగున్నావ్," అంది. అక్కడితో ఆగినా ఏ గొడవా లేకపోయేది.

మేనత్త ఆగనివ్వలేదు. "యాభై ఎనిమిది దగ్గర ఆగిపోయేవాళ్ళు వీధికి వందమంది ఉంటారు. వాళ్ళనెవరు గుర్తుపెట్టుకుంటారు?" అంది. పొద్దున ఒక ఉడికించిన గుడ్డు, మధ్యాహ్నం దోసకాయ ముక్కలు, రాత్రికి పల్చటి పప్పునీళ్ళు. సాయంత్రం రెండు గంటల వ్యాయామం మూడు గంటలైంది. ఆకలేస్తే వేణ్ణీళ్ళు తాగమనేది. ఏడాది తిరిగేసరికి అమ్మాయి నలభై నాలుగు కిలోలు. తల్లి ప్రతి నెలా అవే బట్టలు మళ్ళీ మళ్ళీ లోపలికి పట్టింది. ఒకరోజు టేపు నడుం చుట్టూ వేసి చూసి, అంకె బయటికి అనకుండా టేపు మెడలో వేసుకుని వంటింట్లోకి వెళ్ళిపోయింది.

అప్పుడు మేనత్త ఇంకో ఫోటో తీసింది. రెండు ఫోటోలూ పక్కపక్కన పెట్టి, మనిషెత్తు పోస్టరు వేయించి, బస్సు స్టాపుకు ఎదురుగా మెట్ల పక్క గోడకు కట్టించింది. ఎడమవైపు నిక్కరులో పీపా. కుడివైపు దవడ ఎముకలు తేలిన పిల్ల. 'ముందు', 'తర్వాత'.

"ఎవరికీ చూపించనన్నావు కదత్తా," అంది అమ్మాయి.

"ఇప్పుడు దాచుకోవాల్సిందేముంది? గెలిచినవాళ్ళు దాక్కుంటారా?"

తల్లి ఇంట్లో గొడవ చేసింది. "పిల్లని నిక్కరుతో వీధిలో నిలబెట్టారు. మీకేం అనిపించడం లేదా?"

"అక్క ఏం చేసినా మన మేలుకే," అన్నాడు తండ్రి. అతని బస్సు ఆ స్టాపులో రోజుకు ఎనిమిదిసార్లు ఆగేది. ముందు సీట్లో కూర్చున్నవాళ్ళకు, "కుడివైపున్నది మా అమ్మాయే," అని చెప్పుకునేవాడు. ఎడమవైపున్నది ఎవరో చెప్పేవాడు కాదు.

పోస్టరు చూసి పిల్లలు కుప్పలుగా వచ్చి చేరారు. మేనత్త అమ్మాయి మెడలో ఈల వేసి లీడర్ని చేసింది. బరువులు చదివి బోర్డు మీద రాసే పని ఇప్పుడు ఆమెది. పదిహేనేళ్ళ పిల్ల మాటకు పద్దెనిమిదేళ్ళవాళ్ళు కూడా లేచి నిలబడేవాళ్ళు. పీపా అన్న బడిపిల్లలే ఇప్పుడు దారిలో తప్పుకునేవాళ్ళు. ఆ రుచి మరిగాక ఆమెకు తిండి రుచి అక్కర్లేకపోయింది.

అలాంటప్పుడు బస్తా అనే పిల్ల వచ్చి చేరింది. అసలు పేరు రిజిస్టర్లో ఉంది గాని ఎవరూ పిలిచేవాళ్ళు కాదు. వాళ్ళ తాతకు ఇస్త్రీ దుకాణం. బట్టల బస్తా భుజాన వేసుకుని ఇల్లిల్లూ తిరిగే పిల్ల కాబట్టి ఆ పేరు వచ్చిందని ఆమే చెప్పేది. "ఒళ్ళు చూసి పెట్టారనుకుంటారు గాని, కాదండోయ్," అని మొదట తనే నవ్వేది. మిషను మీదికి ఎక్కుతూ, "కళ్ళు మూసుకో తల్లీ, నీకే పరువు తక్కువ," అని మిషనుతో అనేది. వరసంతా నవ్వేది. ఇసుక సంచి ఇస్తే చంటిపిల్లలా ఊపుతూ జోకొట్టేది.

ఆ నవ్వు అమ్మాయికి గిట్టలేదు. తను ఒక్కొక్క గ్రాము ఏడ్చి దించుకున్నది. ఈ పిల్ల నవ్వుతూ నిలబడుతోంది.

"అది నీ బాధ్యత," అంది మేనత్త. "దాని నవ్వు మాన్పిస్తే గాని బరువు తగ్గదు."

అమ్మాయి ఆమె చేత ఇసుక సంచితో మెట్లు ఎక్కించింది. మిగతావాళ్ళకు ఇరవై సార్లయితే ఆమెకు నలభై. బస్తా చెమటలు కక్కుతూ, "లీడరమ్మా, నా ప్రాణం పోతే మా తాతకి నువ్వే ఇస్త్రీ చేసిపెట్టాలి," అనేది. అలాగే ఆరు వారాలు గడిచాయి. ఏడో శనివారం బస్తా బరువు రెండు వందల గ్రాములు పెరిగింది.

అమ్మాయి అంకె చదివింది. తర్వాత, ఎవరూ చెప్పకుండానే, గోడ దగ్గరికి వెళ్ళి బస్తా తెచ్చుకున్న సంచి తీసి కింద బోర్లించింది. తువ్వాలు, నీళ్ళ సీసా, కాగితంలో చుట్టిన వెన్న బన్ను పడ్డాయి.

"అది ఇంటికెళ్ళేటప్పుడు తినడానికి. పొద్దున ఏం తినలేదు," అంది బస్తా.

"ఇప్పుడే తిను."

"ఇప్పుడొద్దులే."

"అద్దం ముందు నిలబడి తిను. నువ్వు తినేదాకా మిగతావాళ్ళంతా గుంజీలు తీస్తారు." ఈల ఊదింది.

ఇరవై రెండుమంది గుంజీలు మొదలుపెట్టారు. బస్తా మేనత్త వైపు చూసింది. ఆవిడ కుర్చీలో వెనక్కి వాలి చేతులు కట్టుకుంది. బస్తా మొదటి ముక్క కొరికి, అలవాటు కొద్దీ ఏదో హాస్యమాడబోయింది. వెనక నుంచి ఎవరో, "తొందరగా మింగవే, కాళ్ళు పోతున్నాయి," అన్నారు. ఇంకొకరు తిట్టారు. తర్వాత చాలామంది తిట్టారు. ఆమె అద్దంలో తన నోటిని చూసుకుంటూ నమిలింది. గొంతు దిగడం లేదు. అమ్మాయి పక్కనే నిలబడి, "ఇంకా సగముంది," అంది. "ఇంకా పావు." చివరి ముక్క మింగాక బస్తా తన సంచి తీసుకుని మెట్లు దిగింది. నాలుగో మెట్టు మీద కక్కుకుంది. పైన పిల్లలు ముక్కులు మూసుకున్నారు. ఆమె మళ్ళీ రాలేదు.

మేనత్త అమ్మాయి వీపు తట్టింది. "అచ్చం నా పోలికే," అంది.

అమ్మాయి ఇంటికి నడుస్తున్నంతసేపూ ఆ మాటే తలుచుకుంది. గర్వంగానే ఉంది.

ఆ తర్వాత మూడు నెలలకు బళ్ళో మెట్లు దిగుతూ ఒక్క మెట్టు జారింది. పడకుండా చెయ్యి ఆనించింది. అంతే, మణికట్టు ఎండుపుల్లలా విరిగింది.

ఆస్పత్రిలో డాక్టరమ్మ కట్టు కట్టేసి ఊరుకోలేదు. ఎక్స్‌రే వెలుతురుకు పెట్టి చాలాసేపు చూసింది. మిషనెక్కించింది. ముప్ఫై ఎనిమిది కిలోలు. తల దువ్వి, దువ్వెనకు ఊడి వచ్చిన జుట్టు చూసింది. తండ్రిని బయటికి పంపి, తల్లిని ఉండమని, అడిగింది. "నెలసరి ఆగి ఎన్నాళ్ళయింది?"

అమ్మాయి తల్లి వైపు చూడకుండా చెప్పింది. "ఎనిమిది నెలలు."

తల్లి కుర్చీ చేతిని గట్టిగా పట్టుకుంది. ప్రతి నెలా ఆ పిల్ల ఏదో ఒకటి చెప్పి నమ్మించింది. రోజూ టేపు పట్టుకునే మనిషికి అది తెలియలేదు.

డాక్టరమ్మ తండ్రిని లోపలికి పిలిచింది. ఆవిడకు ఓపిక తక్కువ. "ఇవి పదిహేనేళ్ళ పిల్ల ఎముకలు కావండీ. అరవయ్యేళ్ళావిడవి. గుండె కూడా నెమ్మదించింది. ఆ వ్యాయామాలన్నీ ఇవాళే ఆపండి. తిండి పెట్టండి. ఎవరు చేయించారు ఇది?"

"మా అక్క," అన్నాడు తండ్రి.

"ఆవిడ డాక్టరా?"

తండ్రి కూతురి కట్టు వైపు చూసి, మందుల చీటీ అందుకున్నాడు.

విషయం విని మేనత్త, "డాక్టర్లు ఊబకాయులు. వాళ్ళకి సన్నటివాళ్ళని చూస్తే కడుపుమంట," అంది. ఈల మాత్రం మనిషిని పంపి వెనక్కి తెప్పించుకుంది. మర్నాడే అది ఇంకో పిల్ల మెడలో ఉంది.

తిండి పెట్టడం అనుకున్నంత తేలిక కాలేదు. అమ్మాయి పళ్ళెం తోసేసింది. అరిచింది. "నువ్వు నన్ను మళ్ళీ పీపాని చేస్తావు," అని తల్లి మీదికి గిన్నె విసిరింది. నోట్లో పెట్టుకున్నట్టే పెట్టుకుని, తల్లి అటు తిరగ్గానే బల్ల కింద గుడ్డపీలికల సంచిలో ఉమ్మింది. పది రోజులకు సంచికి చీమలు పట్టాయి. తల్లి సంచి విప్పి చూసి, గుడ్డపీలికలన్నీ ఉతికి ఆరేసింది. తర్వాత పళ్ళెంతో వచ్చి కూతురి ఎదురుగా కూర్చుంది.

"నువ్వు తినేదాకా నేనూ తినను," అంది.

ఇద్దరూ ఆ పగలూ మర్నాడు పగలూ తినలేదు. రెండోరోజు సాయంత్రం తల్లి మిషను దగ్గర తూలిపోయి వేల్లోకి సూది దింపుకుంది. గోరు చీలింది. రక్తం కారుతున్న వేలు చీరకు చుట్టుకుని, "పళ్ళెం తీసుకురానా?" అని అడిగింది. అమ్మాయి తినడం మొదలుపెట్టింది. ప్రేమతో కాదు, భయంతో.

మొదలుపెట్టాక ఒళ్ళు ఊరుకోలేదు. ఏడాదిగా మాడిన ఒళ్ళు దొరికినదాన్నల్లా పట్టుకుని దాచుకుంది. ఆర్నెల్లలో అరవై, ఆ తర్వాత అరవై ఆరు. నెలసరి తిరిగి వచ్చింది. జుట్టు మొలిచింది. "ఇది సర్దుకోడానికి టైం పడుతుంది, కంగారుపడకండి," అంది డాక్టరమ్మ. తల్లి నీలం గౌను పక్క కుట్లు విప్పింది. గుడ్డ అంతా ఉతికి ఉతికి వెలిసింది గాని, కుట్ల లోపల దాగి ఉన్నంతమేరా ముదురు నీలం అలాగే ఉంది. విప్పాక రెండు పక్కలా చంక నుంచి అంచు దాకా రెండేసి వేళ్ళ వెడల్పు చారలు తేలాయి. "ఇంట్లో వేసుకోడానికేగా," అంది తల్లి.

ఒక ఆదివారం మధ్యాహ్నం మేనత్త ఆపిల్ పళ్ళ సంచితో భోజనానికి వచ్చింది. అప్పుడు అమ్మాయి ఆ గౌనులోనే ఉంది.

"జరిగిందేదో జరిగింది. అత్త మీద కోపం పెట్టుకోకు," అంటూ దగ్గరికి తీసుకుంది. "రా, ఇద్దరం ఒక ఫోటో దిగుదాం. పళ్ళెం పక్కన పెట్టకు, ఉండనీ, బాగుంది."

ఆవిడ భుజం మీద చెయ్యి వేసేసరికి అమ్మాయికి ఏడుపొచ్చినంత పనైంది. ఇన్నాళ్ళుగా ఆవిడ పలకరింపు కోసం లోలోపల ఎదురుచూస్తోందని అప్పుడే తెలిసింది. నవ్వింది. ఫోటో తీశారు.

పది రోజులకు పోస్టరు మారింది.

ఇప్పుడు దవడ ఎముకల పిల్ల ఎడమవైపుకు వెళ్ళింది. 'క్రమశిక్షణలో ఉన్నప్పుడు' అని రాసి ఉంది. కుడివైపున నీలం గౌనులో, చేతిలో పళ్ళెంతో, నవ్వుతున్న పిల్ల. 'క్రమశిక్షణ వదిలేశాక'. భుజం మీది చెయ్యిని కత్తిరించేశారు. కళ్ళకు అడ్డంగా నల్లపట్టీ వేశారు. గౌను పక్క చారలు మాత్రం స్పష్టంగా ఉన్నాయి. వాటికి ఎర్ర బాణం గుర్తు పెట్టి, 'కుట్లు విప్పినా చాలలేదు' అని రాయించారు.

అమ్మాయి కన్నా ముందు తండ్రే చూశాడు. స్టాపులో బస్సు ఆపి, పక్కకు తిరిగాడు. ఎక్కేవాళ్ళు ఎక్కారు, దిగేవాళ్ళు దిగారు. ముందు సీట్లో ఒకాయన, "కుడివైపున్నది మీ అమ్మాయేనన్నారు కదూ?" అని మామూలుగానే అడిగాడు. అతను గేరు వేసి బస్సు కదిలించాడు. ఆ రోజు ట్రిప్పులన్నీ పూర్తిచేశాడు. ఇంటికొచ్చి ఎవరికీ చెప్పలేదు.

మర్నాడు బడి నుంచి వస్తూ అమ్మాయి చూసింది. బస్సు స్టాపులో అప్పటికి ఏడెనిమిదిమంది ఉన్నారు. ఒకావిడ పోస్టరు చదివి, అమ్మాయి వైపు చూసి, మళ్ళీ పోస్టరు చూసి, పక్కావిణ్ణి మోచేత్తో పొడిచింది. నల్లపట్టీ కింద నవ్వు ఎవరిదో తెలుస్తూనే ఉంది. బస్సు వచ్చేదాకా ఆమె అక్కడే నిలబడాల్సి వచ్చింది. బస్సు రావడానికి పన్నెండు నిమిషాలు పట్టింది.

తల్లికి తెలిసిన పూటే ఆవిడ పెద్ద కత్తెర తీసుకుని వెళ్ళింది. టైర్ల దుకాణంలో స్టూలు అడిగి, ఎక్కి, పోస్టరును గుడ్డ కోసినట్టు వంకర పోకుండా నిలువునా కోసింది. మేనత్త మెట్ల పైన నిలబడి చూసింది. దిగి రాలేదు.

"కోసుకో. ఫోటో నా దగ్గరుంది. సాయంత్రానికి ఇంకోటి వస్తుంది," అంది.

"దాన్ని ఆడపిల్లనుకోలేదు, మీ తమ్ముడి కూతురనుకోలేదు. కనీసం చిన్నపిల్లనైనా అనుకోలేదా వదినా?"

"పేరు రాయలేదు. మొహం చూపించలేదు. అందరి పిల్లలకీ పనికొచ్చే పాఠం అది. మీ పిల్ల ఒక్కదానికోసం మిగతావాళ్ళని చెడగొట్టమంటావా?"

సాయంత్రానికి కొత్తది వచ్చింది. ఈసారి స్టూలు అందని ఎత్తులో కట్టారు.

ఆ రోజు తండ్రి అక్క దగ్గరికి వెళ్ళాడు. పోస్టరు తీయించడానికేనని తల్లీకూతుళ్ళు అనుకున్నారు. తిరిగొచ్చి చెప్పులు విప్పుతూ, "నువ్వు కత్తెర పట్టుకుని వీధికెక్కినందుకు నేను క్షమాపణ చెప్పొచ్చాను," అన్నాడు భార్యతో. "ఏం చేయమంటావ్, నన్ను పెంచిన మనిషి."

"ఇది మీరు కన్న పిల్ల," అంది తల్లి.

అతను కాళ్ళు కడుక్కోడానికి లోపలికి వెళ్ళాడు. ఆ వారమే డిపోలో అడిగి రూటు మార్పించుకున్నాడు. కొత్త రూటు ఆ స్టాపు మీదుగా వెళ్ళదు.

అమ్మాయి మాత్రం రోజూ ఆ స్టాపులోనే ఎక్కాలి. అక్కడ నిలబడి నిలబడి, ఒకరోజు ఆమెకు వెన్న బన్ను గుర్తొచ్చింది. అద్దంలో నమిలే నోరు, 'ఇంకా పావు' అన్న తన గొంతు. ఆ సాయంత్రం ఇస్త్రీ దుకాణం వెతుక్కుంటూ వెళ్ళింది.

బస్తా బల్ల వెనక చొక్కా ఇస్త్రీ చేస్తోంది. బాగా చిక్కిపోయింది. అమ్మాయిని మొదట గుర్తుపట్టలేదు. పట్టాక ఇస్త్రీపెట్టె నిలబెట్టి, "ఏంటి?" అంది.

"నిన్ను క్షమాపణ అడగడానికి వచ్చాను."

"అడుగు."

అమ్మాయి దారి పొడవునా అనుకున్న మాటలన్నీ చెప్పింది. తప్పు చేశానంది. అత్త చెప్పిందని కాదు, తనకే అలా చేయాలనిపించిందని కూడా చెప్పింది. చెబుతూ ఏడ్చింది.

"ఏడవకు," అంది బస్తా. "నువ్వు ఏడిస్తే నేను ఓదార్చాలి. నాకంత ఓపిక లేదు." చొక్కా చేతిని మడిచి నీళ్ళు చిలకరించింది. "ఆ రోజు నుంచి నేను ఎవరి ముందూ తినలేను. మా తాత ముందు కూడా. పళ్ళెం పట్టుకుని స్నానాలగదిలోకి వెళ్ళి తలుపేసుకుంటా. అక్కడ అద్దం లేదు. మా తాత బయట నిలబడి, అయిందా అమ్మా అని అడుగుతాడు. రోజూ అడుగుతాడు."

"నేనేం చేస్తే..."

"ఏం చేసినా అది పోదు. నువ్వొచ్చింది నీ బరువు దించుకోడానికి. నా మీద దించకు." ఇస్త్రీపెట్టె మళ్ళీ చేతిలోకి తీసుకుంది. "చెప్పాలనుంటే ఇప్పుడు ఆ మేడ మీదున్నవాళ్ళకి చెప్పు. నాకు పనుంది."

అమ్మాయి అక్కణ్ణించి నేరుగా డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళింది. జరిగింది చెప్పి, ఒక కాగితం రాసివ్వమంది. ఎన్ని కిలోలు ఎన్ని నెలల్లో తగ్గింది, నెలసరి ఎన్నాళ్ళు ఆగింది, ఎముక ఎందుకు విరిగింది, ఎదిగే వయసులో ఒంటికి ఎంత తిండి, ఎంత ఆట, ఎంత నిద్ర కావాలి, అన్నీ డాక్టరమ్మ ఒక పేజీలో రాసి సంతకం పెట్టింది. అమ్మాయి దానికి యాభై జిరాక్సులు తీయించింది.

శనివారం పొద్దున మెట్ల కింద నిలబడింది. పిల్లల్ని దింపడానికి వచ్చిన తల్లులు, తండ్రులు ఒక్కొక్కరే వస్తున్నారు. నీలం గౌను వేసుకోలేదు గాని, పైన పోస్టరు ఉంది, కింద తను ఉంది.

"ఒక్క నిమిషం వింటారా అండీ. నేనిక్కడ ఏడాదిన్నర చేశాను. నా చెయ్యి..."

మొదటావిడ ఆగి, అమ్మాయిని కింది నుంచి పైదాకా చూసింది. పోస్టరు వైపు తలెత్తింది. "నువ్వు ఆ పిల్లవి కదూ?" అంది, జాలిగానే. తర్వాత తన కూతురి చెయ్యి పట్టుకుని, "చూశావా, మధ్యలో మానేస్తే ఏమవుతుందో," అంటూ మెట్లెక్కించింది.

ఆ మాటే ఆ పూట ముగ్గురు అన్నారు. మిగతావాళ్ళు అనుకున్నారు. ఒకాయన కాగితం తీసుకుని, మడిచి, స్కూటరు సీటు తుడుచుకున్నాడు. అమ్మాయి ఏం చెప్పినా ముందు ఆమె ఒళ్ళే మాట్లాడేది. ఆ ఒళ్ళు ఏం చెప్పాలో మేనత్త ముందే రాసి గోడకు కట్టింది.

రెండో శనివారం కూడా అంతే. మూడో శనివారం మేనత్తే దిగి వచ్చింది. కోప్పడలేదు. చేతిలోని కాగితాలు చూసి, నుదుటి మీద చెమట తన తువ్వాలుతో తుడిచింది.

"ఎండలో ఎందుకు నిలబడతావ్ కోడలా. పైకి రా," అంది. "ఆర్నెల్లు నా మాట విను. ఎడమవైపు పిల్లని మళ్ళీ తెచ్చిస్తా. పోస్టరు నా చేత్తో నేనే మార్పిస్తా. లీడరుగా నీలాంటిది మళ్ళీ దొరకలేదు."

అమ్మాయి మెట్ల వైపు చూసింది. పై నుంచి ఈల వినిపించింది, కాళ్ళన్నీ ఒక్కసారి నేలకు తగిలిన చప్పుడు వినిపించింది. తన కుడికాలు మొదటి మెట్టు మీద ఉండటం ఆమెకు కాస్త ఆలస్యంగా తెలిసింది. ఎప్పుడు పెట్టిందో తెలియదు. అంత భయం ఆమెకు ఆస్పత్రిలో కూడా వేయలేదు. కాలు వెనక్కి తీసుకుని ఇంటిదాకా ఆగకుండా నడిచింది. ముందుగదిలో తల్లి కాళ్ళ దగ్గర కూర్చుని చెప్పింది. "అమ్మా, నాకు వెళ్ళాలనిపించింది."

తల్లి మిషను ఆపింది. "మళ్ళీ శనివారం నేనూ వస్తా," అంది.

నాలుగో శనివారం కుట్టుపని ఒక పూట మానేసి ఇద్దరూ వెళ్ళారు. తల్లి మెట్లకు అడ్డంగా నిలబడలేదు, ఎవరితోనూ మాట్లాడలేదు. కూతురు పక్కన ఊరికే నిలబడింది. పదిన్నర దాకా పదిహేడుమంది పిల్లలు ఎక్కారు. చివర్లో బ్యాంకు పేరున్న సంచి భుజాన వేసుకున్న ఒకావిడ పదమూడేళ్ళ కూతురితో వచ్చింది. ఆ పిల్ల అప్పటికే సన్నగా ఉంది. చేతులు చలేసినట్టు చంకల్లో దాచుకుంది.

ఆవిడ కాగితం తీసుకుంది. కళ్ళజోడు పెట్టుకుని మొదటి అక్షరం నుంచి సంతకం దాకా చదివింది. నెలసరి ఆగిందన్న వాక్యం దగ్గర ఆగి, వెనక్కి వెళ్ళి మళ్ళీ చదివింది. కూతురి వైపు ఒకసారి చూసింది.

"నిజమేనా ఇదంతా?" అంది ఆవిడ.

"నిజమేనండీ. నా చెయ్యి చూడండి."

ఆవిడ చూడలేదు. కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి, సంచి లోపలి జేబులో జాగ్రత్తగా పెట్టుకుని జిప్పు లాగింది. "ఈ నెల చూసి ఆలోచిస్తాను," అంది. పిల్ల వీపు మీద చెయ్యి వేసి మెట్ల వైపు తిప్పింది.

పిల్ల చేతులు చంకల్లోంచి తీయకుండానే పైకి ఎక్కింది.